మిగిలిపోయిన దీర్ఘం

లోగోలు చేసే దుకాణంలో అక్షరాలను తీగల మీద ఆరేశారు. అందుకని జలజ తల వంచుకుని లోపలికి వెళుతుంది. వంచకపోతే ఆ మూల వేలాడే 'ళ' కొప్పుకి తగులుకుంటుంది. తగులుకుంటే దాని డబ్బు కూడా కట్టమంటారేమోనని ఆమె భయం. చూస్తే చేతిలో ఉన్నది అంతంత మాత్రం.

దుకాణం ఏసుపాదానిది. రేపల్లెలో ఎవరికి బోర్డు కావాలన్నా, కవరు మీద బొమ్మ కావాలన్నా ఆయన దగ్గరికే పోతారు. ఆయన బల్ల వెనక కూర్చుని, తడి ఆరిన 'మ'ని మడత పెడుతున్నాడు. 'మ' తో చచ్చే చావు. ఎంత అదిమినా చివర తోక పైకి లేస్తూనే ఉంటుంది.

"చెప్పమ్మా" అంటాడు తల ఎత్తకుండా.

"నేను కారాలు చేసి అమ్ముతానండీ. కందికారం, నల్లకారం, కరివేపాకు కారం. ఇన్నాళ్ళూ ఉత్త కవర్లలో పోసి, కొవ్వొత్తి మంట మీద మూతులు అంటించి ఇచ్చేదాన్ని. ఇప్పుడు నరహరి శెట్టిగారు కొట్లో పెడతానన్నారు. లోగో లేందే మాత్రం పెట్టరంట."

"ఏమని రాయాలి?"

"జలజ కారం" అంటుంది. మొదటి మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గిపోతుంది.

తగ్గదూ మరి? ఆ పేరు బయటికి అని ఎన్నేళ్ళయిందో. పుట్టింట్లో ఆమె అమ్మడు. అత్తారింట్లో పెద్దకోడలు. మరుదులకి వదిన, వీధిలో మైకుసెట్టాయన భార్య, కొనేవాళ్ళకి కారమావిడ. మొగుడికైతే ఉత్త 'ఇదిగో'. నిజం చెప్పాలంటే ఆమెకి కావాల్సింది లోగో కాదు. తన పేరు నలుగురి నోళ్ళలో పడాలి. ఎవరో ఒకరు, వీలైతే ఇంట్లో మనిషే, ఒక్కసారి ఆ పేరుతో పిలవాలి. ఇలాంటిది పైకి చెప్పుకుంటే నవ్వుతారు కాబట్టి లోగో అని చెబుతోంది.

ఏసుపాదం వేళ్ళు మడుస్తాడు. "అక్షరానికింత. జ, ల, జ. తర్వాత క, ర. సున్నకి ఏం తీసుకోను, సున్న కదా. తలకట్లు ఊరికే. 'కా'కి మాత్రం దీర్ఘం పడుద్ది. దీర్ఘానికి వంపు తిప్పాల, పని ఎక్కువ. అక్షరం ఖరీదే దానికీ."

జలజ చెంగు ముడి విప్పి ఉన్నదంతా బల్ల మీద పెడుతుంది. ఆయన దాని వైపు చూసి, ఒక వేలు తెరిచేస్తాడు.

"ఒకటి తగ్గింది."

"రెండో 'జ' మళ్ళీ కొత్తది ఎందుకండీ? మొదటిదాన్నే రెండుసార్లు వాడకూడదా?"

"వాడొచ్చమ్మా. అప్పుడది 'ల'కి ఆ పక్కకీ ఈ పక్కకీ పరిగెత్తాల. చదివేవాళ్ళకి ఆయాసం వస్తుంది."

జలజకి అది సబబుగానే తోస్తుంది.

"పోనీ పేరు తీసేయండి" అంటాడు ఏసుపాదం. "ఉత్త 'కారం' అనుకోండి, మీకు చిల్లర కూడా మిగులుద్ది."

"పేరు ఉండాలండీ."

"అయితే దీర్ఘం తీసేద్దాం. ఆ చోట తలకట్టు పెడతా. 'జలజ కరం'. జనం ఎట్టాగూ కారమనే చదువుకుంటారు. వాసన వస్తుంది కదా."

అవును, కారం పొట్లం మీద కరం అని ఉంటే మాత్రం ఎవరు పట్టించుకుంటారు. మన ఊళ్ళో బోర్డులన్నీ అట్లాగే ఉన్నాయి, ఎవరికేమైంది. జలజ ఒప్పేసుకుంటుంది. "మరి బొమ్మ?" అని అడుగుతుంది.

"బొమ్మ వేసేది ఉండదమ్మా. మాట ఆరినాక దాని కింద అదే మొలుస్తుంది. ఏ మాటైతే ఆ బొమ్మ."

ఆమె లేచేలోపు ఆయన బల్ల కింద నుంచి ఒక దీర్ఘం తీసి పాత పేపరులో చుడతాడు. మాట మాట్లాడుతూనే దాన్ని వంచేశాడట. ఆమె కొలతకి వంచింది ఇంకొకరికి పనికిరాదు కాబట్టి ఆమెనే తీసుకుపొమ్మంటాడు, దర్జీ మిగులు గుడ్డ ఇచ్చేసినట్టు.

"దీన్ని నేనేం చేసుకోనండీ?"

"దేనికైనా తగిలించండి. ఊరికే మాత్రం పడెయ్యబాకండి. దీర్ఘం ఊరికే ఉండదు."

ఇంటికి వచ్చేసరికి పానకాలు వరండాలో కూర్చుని వైర్లు చుడుతున్నాడు. పానకాలు జలజ మొగుడు. మైకుసెట్టు అద్దెకిస్తాడు. తప్పిపోయిన పిల్లల పేర్లు, చందాలు రాసినవాళ్ళ పేర్లు, పందెంలో గెలిచిన ఎడ్ల పేర్లు కూడా ఇంటిపేర్లతో సహా మైకులో చదువుతాడు. ఆయన నోట ఇంతవరకూ పలకని పేరు ఊళ్ళో ఒక్కటే. చెడ్డవాడు కాడు. తిట్టడు, కొట్టడు, కూర బాగుంటే ఇంకాస్త వేయించుకుంటాడు. పేరు పెట్టి పిలవాలని ఆయనకి తట్టలేదు, అంతే. ఆ అంతేలోనే ఆమె బతుకంతా గడిచిపోయింది, అది వేరే సంగతి.

"ఇదిగో, అయిందా పని?"

"అయింది" అంటుంది జలజ. మధ్యగదిలో మేకు ఒకటి ఖాళీగా ఉంటే దీర్ఘాన్ని దానికి తగిలిస్తుంది. పైన వంకీ తిరిగి ఉంది, ఆయన కండువా వేసుకోవడానికి పనికొస్తుందనుకుంటుంది.

సాయంత్రం కాఫీ తీసుకుని వంటింట్లోంచి బయల్దేరితే, వరండాకి చేరేసరికి కాఫీ మీద మీగడ కడుతుంది. రెండోసారి వెళ్ళేసరికి చల్లారిపోతుంది. మధ్యగది సాగింది. సాగిన మేరకి గచ్చు ఉంది, గోడ ఉంది, గోడకి సున్నం కూడా వేసే ఉంది. ఎవరు వేశారో, కూలి ఎవరిచ్చారో ఎవరూ అడగరు. ఇంకా నయం, పానకాలుకి సంతోషంగానే ఉంది. వైర్లు మెలిక పడకుండా తిన్నగా పరుచుకోవచ్చునంటాడు.

ఏసుపాదం చేసిచ్చిన లేబుళ్ళు ఆమె పొట్లాలకి అంటిస్తుంది. పసుపు మీద ఆకుపచ్చ అక్షరాలు, 'జలజ కరం' అని. రాసినప్పుడు కింద ఏమీ లేదు. అంటించాక పిడికిలి ఒకటి మొలుస్తుంది. తెల్లారేసరికి అది వేళ్ళు విప్పుకుని అరచెయ్యి అవుతుంది. చూడ్డానికి బాగానే ఉంది. జలజ తన పేరు మీద వేలితో రుద్ది చూసుకుంటుంది, రంగు అంటదు. ఆ పొద్దు ఆమెకి ఎంత గర్వంగా ఉందంటే, వీధిలో నడుస్తూ ఎవరన్నా పిలుస్తారేమోనని రెండు మూడుసార్లు వెనక్కి చూస్తుంది.

పొట్లాలు అరలో పెట్టాక నరహరి శెట్టి కబురు పంపిస్తాడు. వెళితే ఆయన ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నాడు.

"మీరు మాట ఇచ్చారనుకున్నానమ్మా. మీరు చెయ్యిచ్చారు."

"నేనేం చేశానండీ?"

ఆయన ఒక పొట్లం చించి కాగితం మీద బోర్లిస్తాడు. కారం రాదు. కుడి చెయ్యి ఒకటి వస్తుంది, మణికట్టు దాకా. గోళ్ళలో పసుపు ఉంది. బొటనవేలు పక్కన నూనె చింది కాలిన మచ్చ ఉంది. అది కాగితం మీద కాసేపు వెల్లకిలా పడుకుని, తర్వాత లేచి, బల్ల మీద చెల్లాచెదురుగా ఉన్న మెంతుల్ని ఒక కుప్పగా చేరుస్తుంది. జలజ తన చెయ్యి చూసుకుంటుంది. మచ్చ అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ఏది ముందుదో ఆమెకి బోధపడదు.

"వెనక్కి తీసుకుపోమంటారా?"

"అదే తెలీక పిలిచా" అంటాడు శెట్టి. "కొన్నవాళ్ళెవరూ వెనక్కి ఇవ్వడంలా. ఇంకోటి కావాలంటున్నారు. అన్నం కలిపి ముద్దలు పెడుతోందంట. అన్నం తినని పిల్లలు కూడా తింటున్నారంట. వెంకటాయపాలెం కరణంగారు పళ్ళెం తోసేస్తే మాత్రం ఆయన మీద చెయ్యి చేసుకుందంట. అదీ మంచిదే అంటోంది వాళ్ళావిడ."

"పేరు చూస్తున్నారా అండీ, పొట్లం మీద?"

"పేరు ఎవరు చూస్తారమ్మా. ఆకలి మీద ఉంటారు. 'ఒక కరం ఇవ్వండి' అంటారు, ఇస్తాను. సరే, రేపటికి ఇంకో మూట పంపించండి, కరం గారూ."

కరం గారూ అనిపించుకుని జలజ ఇంటికి వస్తుంది. ఏడవాలో నవ్వాలో తెలియదు. రోట్లో ఎండుమిరపకాయలు వేసి దంచుతుంటే రోకలి జారుతుంది. చూస్తే చెయ్యి వెలిసింది. ఉతికి ఉతికి రంగు పోయిన చీరలా ఉంది. వేళ్ళలోంచి అవతల ఉన్న రోలు కనిపిస్తోంది. ఊళ్ళో ఒక పొట్లం చిరిగినప్పుడల్లా ఇక్కడ ఇంకాస్త పల్చబడుతుందని, చూస్తూ చూస్తూ ఆమెకే అర్థమవుతుంది.

ఎడమ చేత్తో చెంగు సర్దుకుని ఏసుపాదం దగ్గరికి పరుగెత్తుతుంది. ఆయన ఈసారి ఒక 'క్ష'ని ఉతుకుతున్నాడు.

"కరం అని రాయించుకున్నారు, కరమే వచ్చింది. నా పనిలో తేడా లేదు" అంటాడు. తర్వాత ఆమె చెయ్యి చూసి మెత్తబడతాడు. "ఆ దీర్ఘం తెండి. కూలి తీసుకోకుండా అతికించి పెడతా. కారం కారమవుద్ది, చెయ్యి మీకొచ్చేస్తుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఈలోగా అది ఇంకో మాటకి అతుక్కుందా, మళ్ళీ ఊడదు."

దీర్ఘం మధ్యగదిలో మేకుకి ఉంది, గది రోజురోజుకీ ఇంకా సాగుతూనే ఉంది. పెరటి దారిన వంటింట్లోకి వచ్చి, మధ్యగది గుమ్మంలో నిలబడి చూస్తే ఆ మేకు కనుచూపు మేరలో లేదు. గుమ్మం దగ్గర షేర్ ఆటో ఒకటి ఆగి ఉంది.

"వరండా, వరండా, వరండా" అని అరుస్తున్నాడు ఆటో ఆయన. నెరిసిన మీసాలు, మెడలో తువ్వాలు. "ఎక్కండమ్మా, ఇంకొక్కరు ఎక్కితే కదుల్తా."

"మధ్యగదిలో మేకు దగ్గర దింపుతారా?"

"అక్కడ స్టాపుంది."

ఈ ఆటోలోనే ఆమె పానకాలుకి క్యారియరు పంపుతోంది. ఆయన తిని, కడిగి, తిరుగు ఆటోలో పంపిస్తున్నాడు. ఒక్కోసారి గిన్నె ఇంకా తడిగా ఉంటుంది. మొగుడి దగ్గర్నుంచి ఆమెకి అందుతున్నది ఇప్పుడా తడి ఒక్కటే.

ఆటో గచ్చు మీద సాఫీగా పోతుంది. కిటికీలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటాయి. ఒక కిటికీలో వాన పడుతోంది, తర్వాతి దాంట్లో ఎండ. కొంత దూరం పోయాక చక్రాల కింద ఏవో చిట్లుతున్న చప్పుడు వినిపిస్తుంది.

"ఏంటండీ అవి?"

"మీ ఆయన పిలుపులమ్మా. 'ఇదిగో', 'ఇదిగో' అని పిలుస్తా ఉన్నాడు గదా. అవి ఇక్కడిదాకా వచ్చి, ఓపిక లేక పడిపోతన్నాయి. పొద్దున గంపెడు ఎత్తిపోశారు, మళ్ళీ పడ్డాయి."

జలజ తొంగి చూస్తుంది. గచ్చంతా 'ఇదిగో'లే. కొన్ని ఇంకా వెచ్చగా ఉన్నట్టున్నాయి. ఇన్నిసార్లు పిలిచాడా అనుకుంటుంది. ఇన్నిసార్లూ అదే మాటా అని కూడా అనుకుంటుంది. రెండోది ఎక్కువ నొప్పి పెడుతుంది.

మేకు దగ్గర దిగితే అక్కడ ఉత్త మేకే ఉంది. దాని కింద గోడకి ఆనుకుని ఎవరో ఒకావిడ తిరుగు ఆటో కోసం నిలబడి ఉంది. చేతిసంచీ, మల్లెపూలు, పెళ్ళికి వెళ్ళొచ్చినట్టుంది.

"ఇక్కడ దీర్ఘం ఒకటి ఉండాలండీ" అంటుంది జలజ.

"ఆయన పట్టుకెళ్ళారు" అంటుంది ఆవిడ. "నా పేరు గిరిజండీ, చెరుకుపల్లి మాది. 'గిరిజా' అని పిలుపు వినబడితే వెళ్ళాను. నేను కాదంట. కాఫీ ఇచ్చి పంపించారు. మంచాయన."

జలజకి తలా తోకా తెలియడం లేదు. "మిమ్మల్నెందుకు పిలిచారు?"

"ఆయన గొంతు ఇంటావిడ దాకా అందడం లేదంట. పొడుగు చెయ్యడానికి దీర్ఘం తెచ్చుకున్నారు గానీ, 'ఇదిగో'కి అప్పటికే చివర ఒకటుంది కదా, రెండోది పట్టదు. పేరుకైతే పడుతుంది. ఆ పేరే తెలీదంట. పెళ్ళిలో పంతులు చెప్పేటప్పుడు మేళం మోతలో వినబడలేదంట. తర్వాత అడుగుదామంటే మొగమాటమంట. అందుకని తెలిసిన పేర్లన్నీ వరసగా పిలిచి చూస్తున్నారు. నాకంటే ముందు సరోజ గారు వచ్చారు, శారద గారు వచ్చారు. ఎవరికీ అతకలేదు."

జలజ గోడకి జారబడుతుంది. మొగమాటమా. ఇన్నేళ్ళూ పక్కన పడుకుని, ఒక కంచంలోంచి ఇంకో కంచంలోకి కూర వేసుకుని, మొగమాటమా. కోపం వస్తుంది. ఆ వెనకే జాలి కూడా వస్తుంది. తనైనా ఒక్కనాడు చెప్పిందా? చెప్పించుకుని పిలిస్తే అది పిలుపెలా అవుతుందని పంతం పట్టుకుని కూర్చుంది.

ఆటో ఆయన ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. "ఇక్కణ్ణించి అరిస్తే ఆయనకి వినబడుద్దమ్మా. దీర్ఘం ఇచ్చెయ్యమనండి. నేను పోయి పట్టుకొస్తా. మీ చెయ్యి చూస్తే పూర్తిగా పోయేట్టుంది."

చూస్తుంది. నిజమే. మణికట్టు దగ్గర గాజులు దేన్నో పట్టుకుని వేలాడుతున్నాయి గానీ, దేన్నో కనపడదు. ఆ చెయ్యి లేకపోతే కారం లేదు. కారం లేకపోతే శెట్టిగారి అర లేదు, లోగో లేదు. ఒక్క కేక వేస్తే అన్నీ తిరిగొస్తాయి. కేక వేస్తే ఆయన మళ్ళీ ఎన్నటికీ ఇంత దూరం పిలవలేడు. దూరం మాత్రం అట్లాగే ఉంటుంది.

"ఇప్పుడేం చేస్తున్నారాయన?" అని అడుగుతుంది గిరిజని.

"పేర్లు అయిపోయాయంట. నేను బయల్దేరేటప్పటికి భోజనానికి కూర్చున్నారు. క్యారియరులో ఏదో పొట్లం ఉంటే విప్పుతున్నారు."

అది పొద్దున జలజే పెట్టింది. పోపు మాడిపోయింది, కాస్త పొడి వేసుకుని తింటాడులే అని. ఆమె కళ్ళు మూసుకుంటుంది. అక్కడ, ఇంటికి ఆ చివర, ఆయన కంచంలో చెయ్యి పడి ఉంటుంది. ముద్ద కలిపి ఉంటుంది. పసుపు గోళ్ళు, కాలిన మచ్చ. చెయ్యినైతే గుర్తుపడతాడు. గుర్తుపట్టి, ఎవరిదని, ఖాళీ పొట్లం ఇటు తిప్పి చూస్తాడా? చూసే మనిషేనా?

"అరవమంటారా నన్ను?" అంటాడు ఆటో ఆయన.

"వద్దండీ. ఉండనీండి" అంటుంది జలజ.

చాలాసేపు ఏమీ రాదు. గిరిజ సంచీలోంచి వక్కపొడి తీసి తలా కాస్త పెడుతుంది. ఆటో ఇంజను ఆగిపోతుంది.

అప్పుడు వస్తుంది. ముందు 'జ' వస్తుంది, దాని వెనక 'ల', దాని వెనక ఇంకో 'జ', కొత్త ఇంట్లోకి వచ్చినట్టు కాస్త తడబడుతూ. ఆ చివరి దానికి దీర్ఘం పట్టుకుని ఉంది. "జలజా" అని. మైకు లేదు. గొంతు బొంగురుగా ఉంది, అలవాటు లేని మాట కదా. చివరి 'ఆ' మటుకు తెగదు. గిరిజ మల్లెపూలు కదిలించి, ఆటో దాటి, వంటింట్లో గిన్నెలు మోగించి, పెరటి తలుపు తోసుకుని ఊళ్ళోకి పోతుంది.

జలజకి ఏడుపొస్తుంది. సంతోషమూ వస్తుంది. పలకాలి కదా మరి. ఈ పేరుతో, ఇట్లా దీర్ఘం తీసి, ఆమెని ఆఖరిసారి పిలిచింది బళ్ళో, హాజరు వేసే పంతులమ్మ. అప్పుడేం చేసేదో ఇప్పుడూ అదే చేస్తుంది. తిన్నగా నిలబడి కుడి చెయ్యి పైకెత్తుతుంది.

జాకెట్టు చెయ్యి పైకి లేస్తుంది. అందులో ఏమీ లేదు.

రేపల్లెలో మాత్రం ఇంటింటా, కంచాల్లోంచి, పొయ్యి గట్ల మీంచి, శెట్టిగారి అరలో పొట్లాలు చించుకుని, ఆమె కుడి చేతులన్నీ ఒక్కసారే పైకి లేస్తాయి. వేళ్ళకి మెతుకులున్నవి మెతుకులతోనే లేస్తాయి. ముద్ద కోసం నోళ్ళు తెరిచినవాళ్ళు తెరిచినట్టే కూర్చుంటారు. వరండాలో పానకాలు ఇంకా ఊపిరి తీసుకోలేదు, ఆ 'జా'ని పట్టుకునే ఉన్నాడు. ఆయన ఆపేదాకా దించకూడదని చేతులకి తెలుసు.